జట్టు మారుట ద్రోహమా?

నాతోపాటు ముప్పది సంవత్సరములు ఒకే జిల్లాలో పంతులుద్యోగము చేసి, ప్రధానోపాధ్యాయులుగా విరమించిన మిత్రులొకరు ప్రస్తుతము అమెరికాలో కుమార్తె యింట ఉన్నారు. వారివద్దనుండి ఆ మధ్య నాకొక దీర్ఘమైన జాబు వచ్చినది. ఆరోగ్యము, చలి, మనుమల ముచ్చట్లు రెండు పేరాలలో ముగించి, మిగిలిన నాలుగు పుటలు ఒక్క విషయమునకే కేటాయించినారు. వారి పెద్ద మనుమడు ఇరువదియేండ్లవాడు, ట్రంపెట్ ఊదును. రెండు వేసవులుగా ఒక చిన్న కవాతు వాద్యదళములో ఉన్నాడు. ఊపిరి పట్టుట మొదలు అడుగు వేయుట వరకు ఆ దళమువారే వానిని దిద్దినారు. ఇప్పుడు వాడు వారిని విడిచి, పోటీలలో పైవరుసన నిలుచు మరియొక దళపు ఎంపిక పరీక్షకు పోవుదునని అనుచున్నాడట. "తిన్నయింటి వాసములు లెక్కపెట్టుట కాదా ఇది? వానికి నేనేమి చెప్పవలెను?" అని మిత్రుల ప్రశ్న.

బడిపంతుళ్లమై బ్రతికినవారికిని, బడిపిల్లలుగా బ్రతుకుచున్నవారికిని ఇది తప్పించుకొన వీలులేని ప్రశ్న. అందుచేత మిత్రులకు వ్రాసిన జవాబునే కొంత పెంచి పాఠకుల ముందుంచుచున్నాను.

వాద్యదళమనగానే మనకు పెండ్లి ఊరేగింపులోని బ్యాండుమేళమో, ఆగస్టు పదునైదున పోలీసు మైదానములో కనబడు బ్యాండో స్ఫురించును. అమెరికాలో 'డ్రమ్ కోర్' అని వ్యవహరించునది వేరు. పెద్ద దళమైనచో అందులో 150 మందికి పైగా యువతీయువకులుందురు. ఇత్తడి ఊదువాద్యములు, రకరకముల డోళ్ళు, వానితోపాటు జెండాలు త్రిప్పుచు నర్తించువారు. ఫుట్‌బాల్ మైదానమంతయు వారి రంగస్థలము. వాయించుచునే నడచుచు, పరుగెత్తుచు, క్షణక్షణమునకు వలయములుగా, వంపులుగా, బాణములుగా రూపములు కట్టుదురు. ప్రదర్శన అంతయు పది పండ్రెండు నిమిషములు. ఆ పండ్రెండు నిమిషముల కొరకు శీతకాలమునుండి నెలనెలా శిబిరములు, పిదప ఆగస్టు వరకు వేసవి అంతయు సాధన. పగలు పది గంటలకు తక్కువ కాకుండ ఎండలో నిలువవలెను. రాత్రి బస్సులో ప్రయాణము. తెల్లవారుజామున ఏదో యూరి పాఠశాల వ్యాయామశాల నేలపై పడక. దీనికి జీతము లేదు సరికదా, ప్రతివాడును నాలుగయిదు వేల డాలర్లు, కొన్ని దళములలో అంతకు మించియు, తానే చెల్లించుకొనవలెను. ఇరువదియొకటి, ఇరువదిరెండేండ్లు దాటినవానికి ప్రవేశము లేదు. అనగా ఎంతటి నేర్పరికైనను చేతిలోనున్నవి మూడో నాలుగో వేసవులు మాత్రమే. ఈ ఒక్క సంగతి మరచినచో తక్కిన తర్కమంతయు తప్పుదారి పట్టును.

ఈ దళములు పుట్టిన తీరు కూడ తెలిసికొనదగినది. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల సంఘములు, చర్చీలు, బాలభట దళములు తమ తమ పేటలలోని పిల్లలను ప్రోగుచేసి చేతికి బూరలు, డోళ్ళు ఇచ్చెను. న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో 1934లో ఒక చర్చి నీడన వెలసినది కేడెట్స్ దళము. చికాగోలో 1948లో బాలభటులనుండి రూపొందినది కావలీర్స్. ఆ దినములలో వీధిలోని బాలుడు వీధి దళములో చేరును. అన్న వాయించిన డోలు తమ్ముడు వాయించును. విశ్వాసము అను మాట ఎవరును ఉపదేశింపనక్కరలేకపోయినది. జట్టు మారువారు అప్పుడును ఉండిరి కాని, అది ప్రక్కవీధికి పోయినట్లే. తరువాత దళములు తమలో తాము సంఘటితమై 'డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్' అను సంస్థను నెలకొల్పుకొని, 1972లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి వైట్‌వాటర్ పట్టణమున మొదటి మహాపోటీ జరుపుకొన్నవి. కాలిఫోర్నియానుండి వచ్చిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచినారు. 2009 నుండి తుదిపోటీకి ఇండియానాపొలిస్ నగరపు పెద్ద స్టేడియం వేదికయైనది.

వీధి పోయి దేశము వచ్చినది. ఇప్పుడు పెద్ద దళమునకు ఆ యూరి పిల్లలే కావలెనను నియమము లేదు. టెక్సస్ బాలుడు విమానమెక్కి కాలిఫోర్నియా దళపు పరీక్షకు పోవచ్చును. వందలకొలది వచ్చినవారిలో కొందరినే ఏరుకొందురు. నిరుడు ఉన్నవాడైనను ఈయేడు మరల పరీక్షకు నిలువవలసినదే. కాంకర్డ్ పట్టణపు బ్లూ డెవిల్స్ 1976 మొదలు 2023 వరకు 21 పర్యాయములు ప్రథమస్థానము నందుకొన్నారు. అట్టి దళము ద్వారమువద్ద యువకులు బారులు తీరుటలో ఆశ్చర్యమేమున్నది? గెలిచినవారు ఉంగరము చేయించుకొని ధరించు ఆచారము కలదు. ఆ ఉంగరమునకై ఏటేట జట్టు మారువానిని తోటివారు 'ఉంగరముల వేటగాడు' అని ఎద్దేవా చేయుదురు. గెలుపు ఓటముల నడిమి దూరమును చూచినచో మనవంటి మార్కుల లెక్కలవారికే కన్ను తిరుగును. 2008లో రాక్‌ఫర్డ్ నగరపు ఫాంటమ్ రెజిమెంట్ నూటికి 98.125 తెచ్చుకొని నెగ్గినది. రెండవవారైన బ్లూ డెవిల్స్‌కు 98.100. మార్కులో నలువదవ వంతు! వేసవి అంతయు నేలమీద పండుకొన్న యువకుని వ్రేలికి ఉంగరము వచ్చుటయు రాకపోవుటయు ఆ నలువదవ వంతుపై నిలిచినప్పుడు, పైదళమునకు ఎగబ్రాకవలెనను కోరికను కేవలము దురాశయని కొట్టివేయుట న్యాయము కాదు.

అయినను చిన్న దళముల గోడును ఆలకింపవలెను. పచ్చిగా వచ్చిన పిల్లవానిని తీసికొని, అడుగు నిలుకడగా పడువరకు, స్వరము వణకకుండ వచ్చువరకు రెండేండ్లు శ్రమపడి దిద్దుదురు. వాడు పనికివచ్చునంతలో పెద్దవారి వంక చూచును. ఏటేట ఇదే తంతు. నాటినవారొకరు, కోసికొనువారొకరు. ఆ నాయకులు 'విశ్వాసము' అని మొరపెట్టుకొనుటలో కొంత కడుపుమంట ఉన్నను, అసత్యము లేదు.

అంతకంటె ఘోరమైనది నడివేసవిలో విడిచిపోవుట. ఈ కళలో ప్రతివానికిని మైదానముపై కొలిచి నిర్ణయించిన స్థానముండును. ఏ తాళమునకు ఏ అడుగో ముందుగా వ్రాసియుండును. నూటయేబదిమందిలో ఒకడు పోయినచో పాటలో ఆ లోటు వినబడకపోవచ్చును కాని, ఆకృతిలో గుంత కనబడును. వారు దానిని 'రంధ్రము' అనియే పిలుతురు. ఆ రంధ్రమును పూడ్చుటకు ఇరువైపులవారు తమ అడుగులను మరల నేర్చుకొనవలెను. లేదా కొత్తవానిని తెచ్చి, మూడు నెలల పాఠమును మూడు దినములలో మ్రింగించవలెను. ఒప్పుకొని చేరిన వేసవిని మధ్యలో త్రెంచుకొని, దేహమో కుటుంబమో నిర్బంధింపనిదే, మరింత మంచి చోటు దొరికినదని పోవువానిని నేను సమర్థింపలేను. అది దళమునకు కాదు, ప్రక్కన నిలిచిన ఇద్దరికి చేయు అపకారము.

వేసవి ముగిసిన పిమ్మట మాటయేమి? ఇక్కడనే మిత్రులతో నాకు భేదము. 1940లో స్థాపింపబడిన బోస్టన్ క్రూసేడర్స్ కథ దీనికి ఆధారము. తుదిపోటీకి మిగులు పండ్రెండు దళములలో స్థానము సంపాదించుకొనుటకు వారికి 1999 వరకు పట్టినది. ప్రథమస్థానము 2025లో గాని దక్కలేదు. ఎనుబదియైదేండ్లు! విశ్వాసమునకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెనని ఎవరైనను అందురు. నిజమే, అది సంస్థ విశ్వాసము, ఊరి విశ్వాసము, వృద్ధులైన పూర్వసభ్యుల విశ్వాసము. కాని అందులో ఏ ఒక్క బాలుడును ఎనుబదియైదేండ్లు నడువలేదు. 1980లలోనో 1990లలోనో పండ్రెండింట చోటులేని దళములో మూడు వేసవులు వాయించి, వయసు చెల్లి వెడలిపోయినవాడు ఉంగరము చూడలేదు. వానిలో కొందరికి మరియొక దళమునకు పోగల నేర్పుండియు పోలేదు. వారికి నా నమస్కారము. పోయినవారును ఉందురు. సంస్థకు ఎనుబదియైదేండ్ల ఓపిక కలదు కనుక, మూడు వేసవుల ఆయువుగల బాలుడును అంత ఓపికను చూపవలెనని శాసించుట మాత్రము కొలబద్ద తప్పిన మాట.

మన భారతము ఈ విషయమున చాల సూక్ష్మముగా ఆలోచించినది. విశ్వాసమనగానే కర్ణుని పేరెత్తుట మనకు పరిపాటి. కృష్ణుడు జన్మరహస్యము చెప్పి పిలిచినను అతడు దుర్యోధనుని విడువలేదు; లోకము మెచ్చినది. మరి శల్యుని మాట ఎవరును ఎత్తరు. పాండవుల పక్షమున పోరుటకు సేనతో బయలుదేరిన మేనమామను, త్రోవపొడుగున విడిదులు కట్టించి, విందులు పెట్టి, దుర్యోధనుడు తనవైపు త్రిప్పుకొనెను. మాటకు కట్టుబడి శల్యుడు ఆ పక్షమున నిలిచినాడే కాని, మనసు నిలువలేదు. కర్ణుని రథము తోలుచునే మాటలతో వాని గుండెను పొడిచినాడు. శరీరమొక జట్టులో, మనసొక జట్టులో ఉన్నవానివలన ఏమగునో చూపుటకు శల్యుని మించిన ఉదాహరణము లేదు. పైదళములవారు కొందరు, శిబిరములవద్ద పొగడ్తలతో, ఆశలతో ఒకరి శిష్యుని లాగుకొను తీరు చూచినప్పుడెల్ల నాకు ఆ విడిదులే జ్ఞప్తికి వచ్చును.

మూడవవాడు యుయుత్సుడు. ధృతరాష్ట్రునికి వైశ్యకాంతయందు పుట్టినవాడు. భీష్మపర్వములో, యుద్ధమారంభము కాకముందు, ధర్మరాజు రెండు సేనల నడుమ నిలిచి, తన పక్షమునకు రాదలచినవారు రావచ్చునని పిలిచెను. యుయుత్సుడొక్కడు ముందుకు వచ్చినాడు. ఎట్లు వచ్చినాడు? చీకటిలో కాదు, దొడ్డిదారిన కాదు. దుందుభి మ్రోయించుచు, అన్నదమ్ములందరును చూచుచుండగా దాటినాడని వ్యాసుడు చెప్పినాడు. ఇంకను ఒక్క బాణమైనను వెలువడలేదు. అతని స్థానము వ్యూహములో ఖాళీయైనచో పూరించుకొనుటకు దుర్యోధనునికి సమయము కలదు. పట్టపగలు, అందరి యెదుట, పోరు మొదలుగాక ముందు: పక్షము మారుటకు ఇంతకు మించిన మర్యాద నాకు తోచదు. డోలు వాయించు పిల్లలకు దుందుభి ప్రసక్తి రుచించునని కూడ ఆశ.

విశ్వాసమును బోధించు పెద్దలనుగూర్చి ఒక్కమాట. ఈ దళములలో ఇత్తడివాద్యములకు, డోళ్ళకు, నడకకు వేర్వేరు గురువులుందురు. వారు వేతనముపై పనిచేయువారు. మంచి అవకాశము వచ్చినచో మరియొక దళమునకు పోవుదురు. అందులో తప్పులేదు. గురువు వెంబడి శిష్యులు కొందరు తరలిపోవుటయు కలదు. పోయిన గురువును 'అనుభవజ్ఞుడు' అనియు, పోయిన శిష్యుని 'కృతఘ్నుడు' అనియు అనుటలో మాత్రము న్యాయము కనబడదు.

విశ్వాసము పేరిట నోరు నొక్కుట ఇంకను దారుణము. పైన చెప్పిన కేడెట్స్ పదిమార్లు ప్రథమస్థానము పొందిన మహాదళము. దానిని చిరకాలము నడిపిన నాయకునిపై 2018లో పలువురు స్త్రీలు లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు బహిరంగముగా చేసిరి. అతడు పదవి విడువవలసివచ్చెను. ఆ ఆరోపణలలో కొన్ని దశాబ్దముల వెనుకటివి. ఇన్నేండ్లు ఏల పలుకలేదని అడుగువారు, దళమే ఇల్లు, దళమే కులము అని దినమును చెప్పబడిన పిల్లలకు ఆ యింటిమీద నోరెత్తుట ఎంత కష్టమో ఆలోచింపవలెను. పిమ్మట, పూర్వకాలపు అత్యాచారమునకు సంబంధించిన వ్యాజ్యపు భారమును మోయలేక, తొంబదియేండ్లు నిండిన ఆ దళము 2024లో మూతపడినది. అట్టి చోటునుండి మౌనముగా తప్పుకొని మరియొక దళములో చేరిన బాలిక ఉన్నచో, ఆమెను జట్టు మారినదని నిందించు అర్హత ఎవరికి కలదు?

పరులను విమర్శించుటలో నాకు నేనును మినహాయింపు ఇచ్చుకొనరాదు. నేనొక పల్లెటూరి పాఠశాలలో పనిచేయుకాలమున, లెక్కలలో మెరికవంటి బాలుడొకడు తొమ్మిదవ తరగతి ముగియగానే టి.సి. కావలెనని వచ్చినాడు. పట్టణపు బడిలో చేరుదునన్నాడు. వానికి ఆరవ తరగతినుండి సాయంకాలములు కూర్చుండబెట్టి లెక్కలు చెప్పినది నేనే. పదవ తరగతిలో మా బడి పేరు నిలుపునని లెక్కవేసికొన్నవాడను. "రేపు రా" అంటిని. మరునాడు "గుమాస్తా లేడు" అంటిని. ఇట్లు పదిదినములు త్రిప్పి, చివరకు వాని తండ్రి వచ్చి చేతులు జోడించినప్పుడు గాని కాగితమునకు కదలికలేదు. అప్పుడు నా మనసులో మెదలిన మాట 'కృతజ్ఞత'. నేడు దానికి నేను వేరు పేరు పెట్టుదును. వాడు వెడలునప్పుడు నా గది ముందునుండియే తల వంచుకొని పోయినాడు. నమస్కరింపలేదని చాలకాలము బాధపడితిని. నమస్కరించుటకు నేనే త్రోవ మిగుల్చలేదని తెలియుటకు నాకు ఉద్యోగవిరమణ వరకు పట్టినది.

ఇంకొక సంగతి. దళము బాలునికి ఎంత ఋణపడియున్నదో కూడ చూడవలెను. 1967లో మొదలైన సాంటా క్లారా వాన్‌గార్డ్ 2018లో ప్రథమస్థానము గెలిచిన దళము. ఆర్థికమైన చిక్కులవలన 2023లో తన పెద్దదళము మైదానమునకు దిగదని ఆ యేటి ప్రారంభములోనే ప్రకటించినది. అప్పటికే శీతకాలపు సాధనలు నడుచుచున్నవి. వేసవికొరకు సిద్ధపడుచున్న యువకులు ఏమి చేయవలెను? ఇతర దళములలో ఖాళీలు వెదకికొనుట తప్ప గతిలేదు. వారిని ద్రోహులని ఎవరును అనలేదు. 2024లో ఆ దళము మరల వచ్చినది, సంతోషము. కాని 2023 తోనే వయసు చెల్లిపోవువారికి ఆ పునరాగమనము పనికిరాదు. సంస్థ ఒక సంవత్సరము ఆగి ఊపిరి పీల్చుకొనగలదు. బాలునికి ఆ వీలు లేదు.

ఇదంతయు కుదించి మిత్రులకు వ్రాసితిని. మనుమని ఆపవద్దంటిని. వానికి మిగిలినది మహా ఐన రెండు వేసవులు. తనకంటె మెరుగైనవారి నడుమ నిలిచి తన కొలత తాను తెలిసికొనవలెనని కోరుట ద్రోహము కాదంటిని. ఐతే ఒక్క షరతు పెట్టితిని. క్రొత్తవారి పరీక్షకు పోకముందే, ఫలితము తెలియకముందే, పాతదళములో తనకు నేర్పిన గురువుతో వాడు స్వయముగా చెప్పవలెను. ఎంపికయైన తరువాత చెప్పుట సులభము. కాకపోయినచో చెప్పకుండ ఊరకుండుట ఇంకను సులభము. ఒకవేళ అక్కడ కాదన్నచో, పాతదళమువారు మరల తీసికొన్నచో, శల్యునివలె కాక మనసారా నిలువవలెను.

మూడు వారములకు మిత్రుల జాబు మరల వచ్చినది. మనుమడు నాలుగు దినములు తాత్సారము చేసి, అయిదవనాటి రాత్రి గురువుకు టెలిఫోను చేసినాడట. తాతగారు ప్రక్కగదిలో తలుపు ఓరగా తీసికొని వినుచున్నారట (ప్రధానోపాధ్యాయుల అలవాటు పోదు!). వీడు చెప్పవలసినది గబగబ చెప్పి ఊరకున్నాడు. అవతల కొంతసేపు చప్పుడు లేదు. పిమ్మట ఆయన అడిగినది ఒక్కటే: పరీక్ష ఎన్నడు, ఏ పాట వాయించుచున్నావు అని. వీడు చెప్పినాడు. "ఐతే ట్రంపెట్ తీయుము, వినిపింపుము" అన్నాడట ఆయన. రాత్రి పదకొండు గంటల వరకు ఇంటిలో ఎవరికిని నిద్రలేదు. పాట నడుమ ఊపిరి తప్పుచున్నచోట ఆపి, మరల మరల, తొమ్మిదిసార్లు వాయింపించినాడని మిత్రులు లెక్కపెట్టి మరీ వ్రాసినారు.